టాస్క్‌కు పట్టిన రోజులు, పెట్టిన గంటలు: రెండింటినీ విడివిడిగా ట్రాక్ చేయడం ఎలా?

మీ ప్రశ్న ఇదీ: ప్లాన్ వేయడానికి, పనులు ట్రాక్ చేయడానికి వాడే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక టాస్క్‌కు 5 రోజులు వేసి ఒకరికి అప్పగించారు. అది ముగిసేసరికి 9 పనిదినాలు పట్టింది. చేసినవారిని అడిగితే దాని మీద నిజంగా కూర్చున్నది 16 గంటలే అన్నారు. ఇప్పుడు 9 రోజులు వేయాలా, 16 గంటలు వేయాలా? గంటలు వేస్తే తేదీలు జరిగిపోతున్నాయి, తేదీలు సరిచేస్తే గంటలు మారిపోతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా తప్పుందా అని కూడా అడిగారు. ఆ మనిషి ఒకేసారి చాలా ప్రాజెక్టుల్లో ఉన్నారనీ రాశారు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదు. రెండూ వేయాలి. ఒకటి వేసి రెండోది వదిలేస్తే ఏం పోతుందో మీ టాస్క్‌తోనే చూద్దాం.

5 రోజులు అని వేసి ఒకరిని 100 శాతం కేటాయించగానే, రోజుకు 8 గంటల చొప్పున 40 గంటల పని అని సాఫ్ట్‌వేర్ రాసుకుంది. జరిగింది 9 రోజులు, 16 గంటలు. అంటే మీ అంచనా రెండు చోట్ల తప్పింది, అదీ వ్యతిరేక దిశల్లో. పని మీరు అనుకున్నదానిలో సగం కూడా లేదు. కానీ ఆ మనిషి మీకు దొరికిన సమయం అంతకంటే చాలా తక్కువ. 9 రోజులంటే 72 గంటలు, అందులో 16 అంటే సుమారు 22 శాతం. మీరు 100 శాతం దొరుకుతారనుకున్న మనిషి ఐదో వంతుకు కాస్త ఎక్కువ దొరికారు.

ఇప్పుడు 9 రోజులు మాత్రమే నమోదు చేశారనుకోండి. సాఫ్ట్‌వేర్ దాన్ని 72 గంటల పనిగా లెక్కేస్తుంది. రిసోర్స్‌కు, అంటే పని చేసే మనిషికి, గంట రేటు పెట్టి ఉంటే ఖర్చు నిజమైనదానికి నాలుగున్నర రెట్లు చూపిస్తుంది. 16 గంటలు మాత్రమే నమోదు చేస్తే ఇది 2 రోజుల టాస్క్‌లా కనిపిస్తుంది. వచ్చేసారి ఇలాంటి పనికే మీరు రెండు రోజుల్లో ఇస్తామని మాట ఇచ్చేస్తారు, ఆ మాట నిలబడదు. మొదటి దానిలో బడ్జెట్ దెబ్బతింటుంది, రెండో దానిలో గడువు దెబ్బతింటుంది. ఎప్పుడు ముగుస్తుంది అనే ప్రశ్నకు జవాబు డ్యూరేషన్. ఎంత శ్రమ పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అనే ప్రశ్నకు జవాబు వర్క్. ఒకదాని జవాబు రెండోదానికి పనికిరాదు.

ఇక ఒకటి మారిస్తే ఇంకొకటి ఎందుకు మారుతోంది అన్న సంగతి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: వర్క్ = డ్యూరేషన్ × యూనిట్స్. యూనిట్స్ అంటే ఆ మనిషి రోజులో ఎంత శాతం ఈ పని మీద ఉంటారన్నది. మూడింటిలో ఒకటి మారితే మిగతా రెండింటిలో ఏదో ఒకటి మారక తప్పదు. ఏది మారాలి, ఏది కదలకూడదు అని చెప్పేదే టాస్క్ టైప్. చాలామంది ఈ సెట్టింగ్‌ను ముట్టుకోరు. అది మొదటి నుంచీ ఉన్న ఫిక్స్‌డ్ యూనిట్స్‌లోనే ఉండిపోతుంది. గందరగోళంలో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది.

ఫిక్స్‌డ్ యూనిట్స్‌లో మీరు డ్యూరేషన్ మారిస్తే వర్క్ మారుతుంది, వర్క్ మారిస్తే డ్యూరేషన్ మారుతుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే. ఫిక్స్‌డ్ వర్క్‌లో గంటలు అలాగే ఉంటాయి. మనిషి సమయం తగ్గిస్తే రోజులు పెరుగుతాయి, రోజులు మారిస్తే శాతం మారుతుంది. ఫిక్స్‌డ్ డ్యూరేషన్‌లో రోజులు కదలవు. గంటలు మారిస్తే శాతం సర్దుకుంటుంది, శాతం మారిస్తే గంటలు సర్దుకుంటాయి.

ఏ టాస్క్‌కు ఏది పెట్టాలో తేల్చుకోవడానికి నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇంకో మనిషిని ఇస్తే ఈ పని త్వరగా ముగుస్తుందా? ముగుస్తుందంటే అది గంటలతో కొలవాల్సిన పని. డాక్యుమెంట్ రాయడం, కోడ్ రాయడం, పాత డేటాను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించడం, టెస్ట్ కేసులు నడపడం ఇలాంటివి. వీటికి ఫిక్స్‌డ్ వర్క్ పెడతాను. ఎంతమందిని పెట్టినా తేదీ మారదంటే అది ఫిక్స్‌డ్ డ్యూరేషన్. మూడు రోజుల ట్రైనింగ్‌కు పదిమంది వచ్చినా అది మూడు రోజులే. రెండు వారాల రివ్యూ గడువు ఇస్తే అది రెండు వారాలే. ఈ రెండింటిలోనూ పడనివి, అంటే ఒక మనిషి రోజుకు సగం పూట మాత్రమే వస్తారన్నది ఖాయమై మిగతాది తేలనివి, ఫిక్స్‌డ్ యూనిట్స్‌లోనే ఉండనిస్తాను.

దీని పక్కనే ఎఫర్ట్ డ్రివెన్ అనే టిక్ ఒకటి ఉంటుంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనుషులను చేర్చినప్పుడు లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒకరు 5 రోజుల్లో చేసే 40 గంటల టాస్క్‌కు రెండో మనిషిని చేర్చారనుకోండి. ఎఫర్ట్ డ్రివెన్ ఉంటే ఆ 40 గంటలే ఇద్దరికీ పంచి రెండున్నర రోజుల్లో ముగిస్తుంది. లేకపోతే ఇద్దరికీ చెరో 40 వేసి మొత్తం 80 గంటలు చేస్తుంది, రోజులు 5గానే ఉంటాయి. 2007 వెర్షన్ వరకు కొత్త టాస్క్‌లకు ఈ టిక్ మొదటే పెట్టి ఉండేది. 2010 నుంచి తీసేశారు. పాత వెర్షన్‌లో నేర్చుకున్నవారు నేర్పిన పద్ధతి కొత్తదానిలో పనిచేయకపోవడానికి ఇదొక కారణం. ఫిక్స్‌డ్ వర్క్ టాస్క్‌లు మాత్రం ఎప్పుడూ ఎఫర్ట్ డ్రివెనే, ఆ టిక్ తీయడానికి వీలుండదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ పంపకం తర్వాత చేర్చిన మనుషులకే వర్తిస్తుంది. 5 రోజుల టాస్క్‌కు మొదటిసారే ఇద్దరినీ ఒకేసారి కేటాయిస్తే టిక్ ఉన్నా 80 గంటలే వేస్తుంది. కాబట్టి ముందు ఒకరిని పెట్టి, గంటలు సరిచూసుకుని, ఆ తర్వాత రెండో వారిని చేర్చండి.

అయితే ఆ రెండున్నర రోజులను నమ్మేయకండి. సాఫ్ట్‌వేర్‌కు భాగహారం మాత్రమే తెలుసు. కొత్తగా వచ్చినవారికి పని నేర్పాలి, ఆ నేర్పే సమయం పాతవారి గంటల్లోంచే పోతుంది. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కు మనుషులను చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. ఐదుగురు ఉన్న బృందంలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. పదిమంది అయితే 45. మనుషులు రెట్టింపైతే జతలు నాలుగున్నర రెట్లయ్యాయి. అందుకే మనిషిని చేర్చినప్పుడు నేను వర్క్ గంటలను కూడా చేత్తో పెంచుతాను. ఎంత పెంచాలన్నది ఆ వచ్చేవారికి పని ఎంత తెలుసన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు మీ టాస్క్‌ను నమోదు చేసే పద్ధతి. మొదట, దయచేసి % కంప్లీట్ కాలమ్‌లో అంకె వేసి పని అయిపోయిందనుకోకండి. తేలికగా ఉంటుందని అందరూ చేసేది అదే, తప్పుడు గంటలు పుట్టేది కూడా అక్కడే. % కంప్లీట్ అంటే గడిచిన డ్యూరేషన్‌ను మొత్తం డ్యూరేషన్‌తో భాగించినది. % వర్క్ కంప్లీట్ అంటే చేసిన గంటలను మొత్తం గంటలతో భాగించినది. 10 రోజులు, 80 గంటల టాస్క్‌లో 5 రోజులు గడిచాయి, మనిషి 20 గంటలే పనిచేశారు. రోజుల ప్రకారం 50 శాతం, పని ప్రకారం 25 శాతం. మీరు % కంప్లీట్‌లో 50 అని కొడితే, సాఫ్ట్‌వేర్ తనంతట తానే 40 గంటలు చేసినట్టు రాసేసుకుంటుంది. టాస్క్ స్థితి మారిస్తే రిసోర్స్ స్థితి కూడా మారాలన్న ఆప్షన్ మొదటి నుంచీ ఆన్‌లో ఉండటమే కారణం. అదనంగా పడిన ఆ 20 గంటలు ఎవరూ పనిచేయలేదు, కానీ రిపోర్టులోకి ఎక్కేశాయి, ఖర్చులోకీ ఎక్కేశాయి. ఎర్న్‌డ్ వాల్యూ (అయిన పనిని డబ్బు విలువలో కొలిచే పద్ధతి) రిపోర్టులు తీసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సెట్టింగ్ మార్చకపోతే అది కూడా % కంప్లీట్ మీదే ఆధారపడుతుంది. కావాలంటే టాస్క్‌కు ఫిజికల్ % కంప్లీట్, అంటే కళ్లెదుట కనిపించే పనిని చూసి మీరే వేసే శాతం, ఎంచుకోవచ్చు.

దానికి బదులు టాస్క్ యూసేజ్ వ్యూ తెరవండి. వివరాల్లో యాక్చువల్ వర్క్ వరుస కనిపించేలా పెట్టుకుని, ఆ మనిషి ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఆ రోజు కిందే వేయండి. మొదటి రోజు 4, మూడో రోజు 2, ఇలా మొత్తం 16. తర్వాత రిమైనింగ్ వర్క్ సున్నా చేయండి. టాస్క్ ముగిసింది, మొదలైన తేదీ నిజమైనదే, ముగిసిన తేదీ నిజమైనదే, గంటలూ నిజమైనవే.

ఇక్కడ ఒక విషయం చూసి కంగారు పడకండి. మధ్యలో ఏ పనీ జరగని రోజులుంటే టాస్క్‌లను తేదీల మీద బార్లుగా చూపే గాంట్ చార్ట్‌లో ఆ బార్ ముక్కలుగా కనిపించవచ్చు, డ్యూరేషన్ కాలమ్ కూడా 9 కంటే తక్కువ చూపించవచ్చు. స్ప్లిట్ అయిన టాస్క్‌లో ఆ ఖాళీని డ్యూరేషన్‌లో కలపరు. అసలు ఎన్ని రోజులు సాగిందో కావాలంటే యాక్చువల్ స్టార్ట్ నుంచి యాక్చువల్ ఫినిష్ వరకు లెక్కించండి.

బేస్‌లైన్, అంటే మొదటి ప్లాన్ అంకెలను తర్వాత పోల్చుకోవడానికి సేవ్ చేసి ఉంచినది, పెట్టి ఉంటే ఇప్పుడు దాని విలువ తెలుస్తుంది. వేరియన్స్ అంటే ఆ అంకెకూ ఇప్పటి అంకెకూ తేడా. వర్క్ వేరియన్స్ మైనస్ 24 గంటలు, ఫినిష్ వేరియన్స్ ప్లస్ 4 రోజులు. పక్కపక్కన ఈ రెండు అంకెలు చూస్తే ఎవరికైనా విషయం తెలిసిపోతుంది: పని చిన్నదే, మనిషి దొరకలేదు. మీ పైవారితో మాట్లాడాల్సింది ఆ టాస్క్ చేసినవారి వేగం గురించి కాదు, వారిని ఒకేసారి ఎన్ని ప్రాజెక్టులకు పంచారన్నదాని గురించి. బేస్‌లైన్ లేకపోతే అసలు అంచనా ఎంతో ఫైల్‌లో మిగలదు, ఈ మాట చెప్పడానికి చేతిలో ఆధారం ఉండదు. కాబట్టి ప్లాన్ ఆమోదం పొందిన రోజే బేస్‌లైన్ సేవ్ చేయండి.

పని సగంలో ఉన్న టాస్క్‌లకు నేను అన్నింటికంటే ఎక్కువ నమ్మే అంకె రిమైనింగ్ వర్క్. ఎంత శాతం అయ్యిందని అడిగితే మనుషులు మర్యాద కోసమో, టెన్షన్‌తోనో 90 శాతం అంటారు, వచ్చేవారం కూడా 90 శాతమే అంటారు. వారి తప్పు కాదు, ప్రశ్నే అలాంటిది. ఇంకా ఎన్ని గంటల పని మిగిలిందని అడగండి. ఆ ప్రశ్నకు జవాబివ్వాలంటే మిగిలిన పనులను మనసులో వరుసగా చూసుకోవాలి, అందుకే నిజం బయటికి వస్తుంది. చేసినవి 12 గంటలు, మిగిలినవి 20 గంటలు అని వేస్తే మొత్తం 32 అవుతుంది, మీ అంచనా అంతకంటే తక్కువైతే ముగిసే తేదీ దానంతటదే ఆలస్యం వైపు జరుగుతుంది. జరగనివ్వండి. అలా తేదీ జరగడం చూసి భయపడి గంటలు తగ్గించేవారిని చాలామందిని చూశాను. ఆలస్యం మూడు వారాల తర్వాత తెలిసే బదులు ఈరోజే తెలిసింది, ప్లాన్ ఉన్నది అందుకే కదా. గడిచిపోయిన వారంలో చేయని గంటలు ఇంకా వెనక తేదీల్లోనే ఉండిపోతే, అప్‌డేట్ ప్రాజెక్ట్‌లో మిగిలిన పనిని స్టేటస్ డేట్ (ఏ తేదీ నాటి ప్రగతిని నమోదు చేస్తున్నారో ఆ తేదీ) తర్వాతికి జరిపే ఆప్షన్ ఉంది, దాన్ని వాడండి. చేయని పని నిన్నటి తేదీలో ఉండకూడదు.

అంచనా అడిగేటప్పుడు కూడా రెండు ప్రశ్నలు విడివిడిగా వేయండి. ఎవరూ ఆపకుండా కూర్చుంటే ఎన్ని గంటలు పడుతుంది? మీకున్న మిగతా పనులు చూసుకుంటూ ఏ తేదీకి ఇవ్వగలరు? మొదటిది వర్క్‌లోకి, రెండోది డ్యూరేషన్‌లోకి వెళ్తుంది. ఎన్ని రోజులు పడుతుందని ఒక్క ప్రశ్నే అడిగితే ఒకరు మొదటి అర్థంలో చెబుతారు, ఇంకొకరు రెండో అర్థంలో చెబుతారు, మీరు రెండింటినీ ఒకే కాలమ్‌లో కూడతారు.

మనిషిని 100 శాతం కేటాయించడం మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీటింగులు, మెయిల్స్, పక్కవారి సందేహాలు పోగా 8 గంటలూ ఒకే టాస్క్ మీద కూర్చోగలిగేవారు అరుదు. నేను 75 శాతంతో మొదలుపెడతాను, అంటే రోజుకు 6 గంటలు. 40 గంటల పని 5 రోజులు కాకుండా దాదాపు 6.7 రోజులవుతుంది. కొన్ని వారాలు నిజమైన గంటలు నమోదు చేశాక ఆ శాతాన్ని మీ బృందానికి సరిపోయేలా మార్చుకోండి.

ఎదురుచూపులను పని నుంచి వేరు చేయడం మరచిపోవద్దు. అనుమతి కోసం పంపిన ఫైల్ 10 రోజులు ఎవరి బల్ల మీదో ఉంటుంది, మీవారు దాని మీద పెట్టేది గంట. దాన్ని 10 రోజుల టాస్క్‌గా వేసి మనిషిని 100 శాతం కేటాయిస్తే 80 గంటలు గాలిలోంచి పుట్టుకొస్తాయి. పైగా ఆ 10 రోజులూ ఆ మనిషి ఖాళీగా లేరని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. దరఖాస్తు తయారీని ఒక టాస్క్‌గా, అనుమతి కోసం వేచి ఉండటాన్ని మనిషి పేరు లేని ఫిక్స్‌డ్ డ్యూరేషన్ టాస్క్‌గా విడగొట్టండి. కొందరు దీనికి లాగ్ (రెండు టాస్క్‌ల మధ్య పెట్టే విరామం) వాడతారు. నాకు టాస్కే ఇష్టం, ఎందుకంటే లాగ్ ప్లాన్‌లో ఒక వరుసగా కనిపించదు, ఆలస్యమైనా ఎవరి కంటా పడదు. కాంక్రీట్ గట్టిపడటం, పెయింట్ ఆరడం లాంటివైతే సెలవులు, రాత్రులు అని చూడవు. వాటికి ఎలాప్స్‌డ్ డ్యూరేషన్ వాడాలి. అది రోజుకు 24 గంటలు, వారానికి 7 రోజులు లెక్కిస్తుంది.

క్యాలెండర్ గురించి ఒక చిన్న మాట. 5 రోజులని వేస్తే ఆరో రోజులోకి పాకుతోందని కొందరు తల పట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ లోపల డ్యూరేషన్‌ను నిమిషాల్లో దాచుకుంటుంది. ఆప్షన్స్‌లో రోజుకు 8 గంటలని ఉంటే 1 రోజు అంటే 480 నిమిషాలు. కానీ మీ వర్కింగ్ క్యాలెండర్‌లో రోజుకు ఏడున్నర గంటలే పెట్టి ఉంటే, 5 రోజులంటే 40 గంటలు, 40ని 7.5తో భాగిస్తే 5.33. అదీ కారణం. ఆప్షన్స్‌లో ఉన్న రోజుకు ఇన్ని గంటలు అన్నది మార్పిడి లెక్క మాత్రమే, అక్కడ మార్చినంత మాత్రాన పనివేళలు మారవు. రెండు చోట్లా ఒకే అంకె ఉండేలా చూసుకోండి.

మీ బృందంలో కొందరు జిరా (పనులను ట్రాక్ చేసే మరో సాఫ్ట్‌వేర్) వాడుతున్నారని రాశారు కాబట్టి అది కూడా చెబుతాను. అక్కడ ఒరిజినల్ ఎస్టిమేట్, టైమ్ స్పెంట్, రిమైనింగ్ ఎస్టిమేట్ మూడూ శ్రమకు సంబంధించినవే. 2 రోజులని వేస్తే, సెట్టింగ్ మార్చకపోతే, అది 16 గంటల పని అని అర్థం, ఎల్లుండికి అయిపోతుందని కాదు. డ్యూ డేట్ వేరే ఫీల్డ్, ఈ అంకెలతో దానికి లెక్క ముడి లేదు. గంటలు నమోదు చేసినప్పుడు రిమైనింగ్ దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గిన అంకెను అలాగే వదలకుండా, నిజంగా ఎంత మిగిలిందో ఆలోచించి దాన్ని మార్చమని మీవారికి చెప్పండి. క్యాలెండర్ ప్రకారం ఎంతకాలం పట్టిందో తెలియాలంటే పని మొదలైన స్టేటస్ నుంచి ముగిసిన స్టేటస్ వరకు పట్టిన సమయాన్ని చూడాలి, జిరాలోని కంట్రోల్ చార్ట్ రిపోర్టులో కనిపిస్తుంది. ప్రైమవెరా పీ6 అనే ఇంకో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికైతే ఈ విషయంలో కాస్త నయం. అక్కడ ప్రతి యాక్టివిటీకీ శాతాన్ని డ్యూరేషన్ మీద లెక్కించాలా, యూనిట్స్ మీదా, కళ్లెదుట కనిపించే పని మీదా అని విడిగా ఎంచుకోవచ్చు.

టైమ్‌షీట్ల సంగతి చెప్పకుండా ఈ లెక్కలన్నీ చెప్పడం సరికాదు. నిజమైన గంటలు రావాలంటే, తక్కువ రాసినవారిని ఖాళీగా ఉన్నారని, ఎక్కువ రాసినవారిని నెమ్మదస్తులని అనకూడదు. ఒక్కసారి అలా అన్నారంటే మర్నాటి నుంచి ప్రతివారూ ప్రతిరోజూ 8 గంటలు రాస్తారు, అన్ని టాస్క్‌లూ అంచనాకు సరిగ్గా సరిపోతాయి, ఆ డేటా ఎందుకూ పనికిరాదు. మీ సహచరుడు 16 గంటలని నిజం చెప్పారు. వారికి దానివల్ల ఇబ్బంది రాకుండా చూడటం మీ బాధ్యత. గంటలను వారి పేరు మీద కాకుండా టాస్క్ పేరు మీదే రిపోర్టులో చూపించండి.

నలుగురైదుగురున్న చిన్న బృందం, గంటల ప్రకారం బిల్లింగ్ లేదు, ఎవరి మీదా భారం మించిపోవడం లేదంటే వర్క్‌ను అసలు ట్రాక్ చేయకపోయినా నష్టం లేదు. అన్నింటినీ ఫిక్స్‌డ్ డ్యూరేషన్‌లో పెట్టి తేదీలు మాత్రం చూసుకోండి. ఎవరూ వాడని గంటల కోసం మనుషుల చేత రోజూ టైమ్‌షీట్ నింపించడం అన్యాయం. మీ విషయంలో మాత్రం ఒకే మనిషి చాలా ప్రాజెక్టుల్లో ఉన్నారు కాబట్టి రెండూ అవసరమే.

ఇప్పుడున్న ప్లాన్‌ను ఏం చేయాలంటే, ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి. ముగిసిన టాస్క్‌లను తవ్వొద్దు, ఈ 16 గంటల టాస్క్‌ను మాత్రం పైన చెప్పినట్టు సరిచేయండి. నడుస్తున్నవాటికి ఈ వారమే మిగిలిన గంటలు అడిగి వేయండి. ఇంకా మొదలుకానివాటికి టాస్క్ టైప్ ఒక్కొక్కటిగా చూసి మార్చండి. ఆటో షెడ్యూల్డ్‌లో (తేదీలను సాఫ్ట్‌వేరే లెక్కించే పద్ధతిలో) ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి, ఎందుకంటే 2010 వెర్షన్ నుంచి సెట్టింగ్ మార్చకపోతే కొత్త టాస్క్‌లు మాన్యువల్లీ షెడ్యూల్డ్‌గా (తేదీలు మీరే వేసేలా) వస్తాయి, అలా ఉంటే గంటలు మార్చినా తేదీలు మీరు ఆశించినట్టు కదలవు. మార్పులన్నీ అయ్యాక పాత బేస్‌లైన్ మీద రాయకుండా బేస్‌లైన్ 1గా కొత్తది సేవ్ చేయండి.